దోరమాగిన కారు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అత్తగారు. మొహం కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని, పెరట్లో రేకుల షెడ్డు కిందికి వెళ్లేది. అక్కడున్న కారు ముందుభాగం మీదికి వంగి వాసన చూసేది. వేలి కణుపుతో ఇక్కడో దెబ్బా అక్కడో దెబ్బా తట్టి చెవి పెట్టి వినేది. అప్పటిదాకా టీ గుక్క కూడా వేసేది కాదు.

"ఇంకా పచ్చిదేరా!" అని షెడ్డులోంచే కేకేసేది.

లోపల కొడుకు "అబ్బా" అని మూలిగి దిండు కింద తల దూర్చేవాడు. వంటింట్లో డబ్బాలు సర్దుతున్న కోడలు మాత్రం ఆ కేక వినేదాకా ఊపిరి బిగబట్టి, విన్నాక వదిలేది. ఈ పూటకి గండం గడిచింది. రేపటి సంగతి రేపు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. పాత ఇనుము కొట్టు వెనకాల పిచ్చిమొక్కల్లో మునిగిపోయి ఉంటే అతను చూసి ప్రేమలో పడ్డాడు. రెండే తలుపులు. ముక్కు పొడుగు, తోక కురచ. మూత ఎత్తితే ఎనిమిది సిలిండర్ల ఇంజను పడుకున్న ఎద్దులా ఉండేది. వీధిలో అందరూ దాన్ని కండల కారు అనేవాళ్లు. అతని ఉద్యోగం లిఫ్టులు బాగుచెయ్యడం. పొద్దున్నించీ సాయంత్రం దాకా పైకీ కిందికీ తప్ప ఇంకో దిక్కు తెలియని ఉద్యోగం. అందుకేనేమో, స్నేహితులు అతన్ని వెక్కిరింపుగా "స్పీడు" అని పిలిచేవాళ్లు. ఆ పేరంటే అతనికి పైకి కోపం, లోపల ఇష్టం.

పెళ్లయిన కొత్తలోనే కారుకి రంగు వేయించాలనుకున్నాడు. ఊరి చివర షెడ్డులో బళ్లకి రంగులు కొట్టే ముసలాయనకి ఫోన్ చేశాడు. "బాబాయ్, పచ్చ వెయ్యి. చూసినవాళ్ల కళ్లు చెదిరిపోవాలి," అని చెప్పి, లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోయారని ఫోన్ పెట్టేశాడు.

ముసలాయన పుట్టీ పెట్టాడు, ప్రైమర్ కొట్టాడు, స్ప్రే గన్ను చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాడు. పచ్చ అన్నాడు సరే, ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా? సరిగ్గా అప్పుడే కారు తాళాలు ఇవ్వడానికి కొత్త పెళ్లికూతురు వచ్చింది.

"ఏ పచ్చమ్మా, మీ ఆయన చెప్పింది?"

ఆమె ఊళ్లో కళ్లజోళ్ల కొట్టులో పనిచేసేది. రంగుల్లో ఆమెకి తెలియనిది లేదు. ఫ్రేము చూసి అది ఏ మొహానికి నప్పుతుందో ఇట్టే చెప్పేది. కానీ మొగుడి మనసులో ఏ పచ్చ ఉందో ఆమెకి తెలియదు. తెలియదని ఎలా చెప్పడం? కాపురానికి వచ్చి కూడా ఆ మాత్రం తెలుసుకోలేదా అనుకోరూ?

"ఆయన పచ్చ అన్నారంటే పచ్చేనండీ," అని నేలచూపులు చూసింది.

"అంతేలే," అన్నాడు ముసలాయన. అడిగిందే మళ్లీ అడగడం ఆయనకి నామోషీ. "ముందొక పచ్చా తర్వాతొక పచ్చా వచ్చేట్టు కొడతా. అప్పుడు ఎవరూ నన్ను తప్పు పట్టక్కర్లేదు. మీ కాపురం పచ్చగా ఉండాలి, పో తల్లీ."

ఏం కలిపాడో ఎలా కొట్టాడో ఆయనకే తెలియాలి. కారు ఇంటికి వచ్చిన రోజున అరటికాయ తొక్కలా ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడింది. దగ్గరికి వెళ్తే వగరు వాసన.

"పచ్చిది. పండేదాకా ఓపిక పట్టాలి," అన్నాడు ముసలాయన.

"ఎన్నాళ్లకి పండుతుంది బాబాయ్?"

"ఎండని బట్టి."

పచ్చి కారు నడపడం మాటలు కాదు. స్టార్టు చేస్తే దగ్గేది. పొగ ముక్కుకి తగిలితే పళ్లు పులిసేవి. అంత ఇంజనూ పెట్టుకుని సైకిళ్లకి దారి ఇచ్చేది. స్టీరింగు ఎంత బలంగా తిప్పినా అంగుళం అంగుళం మొండికేసేది. పక్కింటి టైలరు వరండాలోంచి అరిచేవాడు, "ఏమయ్యా స్పీడూ, ఇంకా కాయేనా?"

"దోరకి వచ్చేలా ఉందన్నా," అనేవాడు ఇతను, చెమట తుడుచుకుంటూ.

ఎండలు ముదిరేసరికి నిజంగానే ముందు బంపరు అంచున పసుపు తేలింది. రోజురోజుకీ అది మూత మీదికి పాకింది. పాకిన కొద్దీ ఇంజను గొంతు మారింది. దగ్గు పోయి ఒక రకమైన తియ్యటి గుర్రు వచ్చింది. కాలు ఇలా ఆనిస్తే చాలు, వెనక ఎవరో తోసినట్టు ముందుకు దూకేది. మొదటిసారి అలా దూకిన రోజున అతను ఇంటికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "పిల్లా, ఇంక ఈ ఏడు కొండ పందెం మనదే," అన్నాడు.

అతని కళ్లల్లో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ వెలుగులోకి అలాగే చూస్తూ ఉండిపోవాలనిపించింది. అయినా కొండ పందెం అన్న మాటకి ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

ఊరికి ఆనుకుని ఒక కొండ ఉంది. పాత కార్ల వాళ్లంతా ఏడాదికోసారి దాని అడుగున జమకూడి పైదాకా పందెం వేసుకుంటారు. సగం ఎత్తులో రోడ్డు ఉన్నట్టుండి మెడ తిప్పేసుకుంటుంది. ఆ వంపు అవతల ఏమీ ఉండదు, గాలి తప్ప. కిందటేడు పళ్ల డాక్టరు ఎర్ర కారు ఆ గాలిలోకి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి ఆయన భార్య కళ్లజోళ్ల కొట్టుకి వచ్చింది. సంచిలోంచి మగవాళ్ల కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఆయనదమ్మా. అక్కడే దొరికింది. మనిషికి ఏమీ మిగల్లేదు, దీని మీద గీత కూడా పడలేదు. ఇందులో నాకు సరిపోయే అద్దాలు వేసిపెడతావా?"

అద్దాలు మార్చి ఇచ్చింది ఈమే. ఫ్రేము ఆవిడ మొహానికి పెద్దదై ముక్కు మీంచి జారుతుంటే, కాడలు వేడిచేసి, చెవుల వెనక ఒదిగేలా వంచింది.

"బాగా కనబడుతోందాండీ?"

ఆవిడ కొట్టంతా ఒకసారి చూసి, "కనబడుతోంది. నువ్వు వంచిన చోట కొంచెం నొక్కుతోంది. ఉండనీలే, ఉన్నట్టు తెలుస్తుంది," అంది.

అప్పట్నించీ పందెం అన్న మాట వినబడితే చాలు, ఈమె తన మొగుడి వస్తువులు చూసేది. గడియారం, దువ్వెన, పనిసంచీ. ఏది మిగులుతుందో అని. వెంటనే తన నోటి మీద తనే కొట్టుకునేది.

పందెం నెలలోకి వచ్చేసింది. కారు సగం దోరగా ఉంది. అతనికి తొందర పట్టుకుంది. ఎక్కడెక్కడి ఎండుగడ్డో తెచ్చి కారు కింద దూర్చాడు, సీట్ల మీద పరిచాడు, పైకప్పు మీద కుప్ప పోశాడు. ముగ్గిన అరటిపళ్లు పక్కనుంటే కాయ తొందరగా మగ్గుతుందని టైలరు చెబితే, గెలకి గెల తెచ్చి లోపల వేలాడగట్టాడు. షెడ్డు తలుపులు బిగించి, గాలి చొరబడకుండా సందుల్లో గుడ్డలు కుక్కాడు.

అతను అటు పనికి వెళ్లగానే ఆమె ఇటు తలుపులు బార్లా తీసేది. పొడి గడ్డి లాగి పెరటి గోడ అవతల పడేసేది. దుప్పటి తడిపి కారు మీద కప్పేది. అరటిపళ్లు పారేస్తే కనబడతాయి కదా, అందుకని తినేసేది. పొద్దున్న అరటిపండు, మధ్యాహ్నం అరటిపండు. కొట్టులో వేడి నీళ్లు తాగుతూ కడుపు పట్టుకుని కూర్చునేది. సాయంత్రం అతను వచ్చేలోపు పైపైన కాస్త గడ్డి చల్లి, తలుపు వేసి, ఏమీ ఎరగనట్టు బియ్యం కడిగేది.

"ఎలుకలు చంపేస్తున్నాయే! గెల మొత్తం లాగేశాయి," అనేవాడు అతను అన్నం ముందు కూర్చుని.

"పెద్ద ఎలుకలే అయ్యుంటాయండీ," అనేది ఆమె. అత్తగారి ముందు అతన్ని అండీ అని, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అని పిలవడం ఆమెకి అలవాటు.

ఒకరోజు ఆమె షెడ్డులో గబగబా పండు మింగుతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఏమమ్మాయ్, నాకో అనుమానం. ఎలుకలు పళ్లు తినడం నేనెరుగుదును. తొక్కలు మడతపెట్టి సంచిలో వేసుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాయి?"

పండు గొంతుకి అడ్డంపడి ఆమె దగ్గింది. అత్తగారు వీపు మీద చరిచి, అక్కడే గడ్డి మోపు మీద కూలబడింది.

"ఆయనకి చెప్పకండి అత్తయ్యా."

"చెప్పాలంటే మొదటి గెలకే చెబుదును." ఆవిడ కాసేపు కారు వైపు చూసింది. "వాడు నడక నేర్చిన రోజు నుంచీ మెట్ల దగ్గర చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాను. నా చేతుల్లో ఇంక పస లేదు. ఇప్పుడు నీ వంతు. గట్టిగా పట్టుకో."

ఇంక ఇద్దరూ ఒకటయ్యారు. ఒకరు దుప్పటి తడిపితే ఒకరు గడ్డి లాగారు. పసుపు పాకడం ఆగింది. ఆ వారమంతా పొద్దుటి కేక ఒకే మాట: "పచ్చిదేరా!"

అతను పనిసంచీ మర్చిపోయి మధ్యాహ్నం ఇంటికొచ్చిన రోజు దొరికిపోయింది. తలుపు దగ్గర నిలబడి, చేతిలో తడి దుప్పటితో ఉన్న పెళ్లాన్ని చూశాడు.

"నువ్వా?"

దుప్పటిలోంచి నీళ్లు ఆమె కాళ్ల మీద కారుతున్నాయి.

"ఎలుకల మందు పెడదామనుకున్నానే రేపు," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నేను పోతాననే కదా నీ భయం?"

"ఆ మాట అనకు."

"అనకపోతే పోతుందా భయం?"

ఆమె కళ్లజోడు సంగతి చెప్పింది. డాక్టరు భార్య ముక్కు మీంచి అది ఎలా జారిందో, తను కాడలు ఎలా వంచిందో అంతా చెప్పింది. అతను చివరిదాకా విని, "ఆయన వంపులో బ్రేకు తొక్కాడు. ఆ వంపులో బ్రేకు తొక్కకూడదు," అన్నాడు.

"నువ్వు తొక్కవా?"

"తొక్కను."

ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. ఆమె మొహం పాలిపోయింది.

"అసలు ఎందుకు నీకా పందెం? ఎవరు మెచ్చుకోవాలని?"

"ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు." అతను కారు తలుపుకి ఆనుకున్నాడు. "రోజంతా నేనెక్కే బండి ఎక్కడికి పోతుందో తెలుసా? పైకి. మళ్లీ కిందికి. బటన్ నొక్కేది ఎవరో. ఎవరి అంతస్తులో వాళ్లు దిగిపోతారు, నేనొక్కణ్ణే మళ్లీ మొదటికి వస్తాను. ఒక్కసారి నేను నొక్కినంత దూరం నేను వెళ్లాలి పిల్లా. అంతకు మించి ఏం లేదు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆమె ఏడుస్తుంటే అతను చూడలేకపోయాడు. చీపురు తెచ్చి, మిగిలిన గడ్డి తనే ఊడ్చేశాడు.

"సరేలే. ఈ ఏడు వద్దు. పచ్చిగానే ఉండనీ," అని పనిసంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గెలిచాను కదా అని ఆమె ఆ సాయంత్రం పాట పాడుకుంటూ వంట చేసింది. అతను పెట్టింది తిన్నాడు. బాగుందా అంటే బాగుందన్నాడు. మర్నాడూ అంతే. వీధిలో టైలరు "ఏమయ్యా స్పీడూ" అంటే తలూపి వెళ్లిపోయాడు. షెడ్డు వైపు చూడటమే మానేశాడు. పడుకున్నప్పుడు ఆమె వైపే తిరిగి పడుకునేవాడు గానీ, కళ్లు తెరిచినా ఆ కళ్ల వెనక ఎవరూ లేనట్టుండేది.

అత్తగారి పొద్దుటి కేక కూడా ఆగిపోయింది. ఒకరోజు ఆవిడ గ్లాసులో టీ అలాగే చల్లారుతుంటే కోడలు భయంగా అడిగింది.

"ఏమయింది అత్తయ్యా? పచ్చిదేనా?"

"పచ్చీ కాదు, దోరా కాదు. వాసనే లేదమ్మాయ్."

వెళ్లి చూస్తే కారు మూత మీద రంగు ముడతలు పడి ఉంది. చెయ్యి వేస్తే ముసలి చర్మంలా కదిలింది. ఆమె స్టార్టు చేసి చూసింది. ఇంజను పొడిదగ్గు దగ్గి ఊరుకుంది. ఆ రోజు కొట్టులో మధ్యాహ్నం సెలవు అడిగి, తిన్నగా ఊరి చివర షెడ్డుకి వెళ్లింది. ముసలాయన ఎవరిదో వ్యాను తలుపుకి పుట్టీ రుద్దుతున్నాడు.

"ఎవరాపారు దాన్ని?" అన్నాడు అంతా విని.

"నేనే బాబాయ్."

"ఆపితే వడిలిపోదూ? వడిలిందంటే నేనేం చెయ్యలేను. మొత్తం గీకేసి వేరే రంగు కొట్టాలి. అప్పుడది మీ ఆయన ముచ్చటపడ్డ కారు కాదు, ఇంకో కారు."

"మరి పండితే?"

"పండితే పండుతుంది. అటు తర్వాత సంగతి నాకూ తెలీదమ్మా. నేను కొట్టిన కారు పండటం ఇప్పటిదాకా నేనే చూడలేదు." ఆయన రుద్దడం ఆపి ఆమె వైపు చూశాడు. "ఆ రోజు ఏ పచ్చో చెప్పి ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కావు."

"నాకు తెలియదు బాబాయ్ అప్పుడు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది."

"ఇప్పుడు తెలిసిందా?"

ఆమె అప్పటికే బయల్దేరింది. దారిలో గడ్డి మోపు కొంది. అరటి గెల కొంది. అది చూస్తేనే వెగటు పుట్టినా కొంది.

అతను పని నుంచి వచ్చేసరికి షెడ్డులో దీపం వెలుగుతోంది. ఆమె కారు కింద పడుకుని గడ్డి దూరుస్తోంది. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏం చేస్తున్నావ్?"

"మగ్గబెడుతున్నా."

అతను వంగి చూశాడు. ఆమె జుట్టు నిండా గడ్డి.

"భయం పోయిందా?"

"లేదు. ఎక్కడి భయం అక్కడే ఉంది." ఆమె బయటికి జరిగి లేచి కూర్చుంది. "కానీ నువ్విలా నా ఎదురుగానే వడిలిపోతుంటే అది ఇంకో భయం. రెండూ నేను మొయ్యలేను. ఏదో ఒకటి దించుకోవాలి. కాకపోతే పక్క సీట్లో నేనుంటాను."

"పిచ్చా నీకు? బరువెక్కుతుంది."

"అరటిపళ్లు తినిపించింది నువ్వే కదా."

అతను ఈసారి నిజంగానే నవ్వాడు. చాలాసేపు నవ్వి, ఆమె జుట్టులోంచి గడ్డిపోచలు ఒక్కొక్కటే ఏరాడు. ఏరుతున్నంతసేపూ ఆమె కళ్లు మూసుకుని, ఈ పూట ఇలాగే ఆగిపోతే ఎంత బాగుండు అనుకుంది.

వాన పట్టుకుంది. రోజుల తరబడి వదలకుండా కురిసింది. పందెం ఆపేస్తారేమోనని ఆమె ఆశపడింది. ఆపలేదు. మూసిన షెడ్డులో గడ్డి ఉక్కకి కారు మాత్రం గంటగంటకీ మాగింది. ముడతలు సాపయ్యాయి. పసుపు తలుపుల మీదికి, అక్కణ్ణుంచి వెనకదాకా పాకింది.

పందెం రోజున తెల్లారగానే వాన వెలిసింది. షెడ్డులోంచి అత్తగారి కేక వినబడింది.

"పండిందిరా!"

ఎంత పసుపు! ఎండలో పెడితే చూపు ఆనడం లేదు. అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు కూడా వేసింది. తియ్యటి వాసన వీధి మలుపు దాకా కొడుతోంది. తేనెటీగలు అద్దం చుట్టూ మూగాయి. టైలరు వచ్చి చూసి, "బాగా ముగ్గింది. ఇవాళే వాడేసుకోవాలి," అన్నాడు.

అత్తగారు కోడల్ని పక్కకి లాగింది. "గట్టిగా పట్టుకోమన్నాను కదే నిన్ను!"

"పక్కన కూర్చుని పట్టుకుంటాను అత్తయ్యా," అంది ఆమె.

కొండ దాకా కారు తేనెలో జారినట్టు వెళ్లింది. స్టీరింగు తిప్పాలని అనుకుంటే చాలు, తిరిగేది. మధ్యలో ఆమె అద్దం సరిచేయబోతే అది చేతిలోకి వచ్చేసింది. విరగలేదు, ఊరికే వచ్చేసింది. "ఒళ్లో పెట్టుకో, తర్వాత బిగిద్దాం," అన్నాడు అతను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కొండ అడుగున పాత కార్లన్నీ వరసలో నిలబడ్డాయి. బేకరీ ఆయన నీలం కారు, లెక్కల మాస్టారి తెల్ల కారు, ఇంకా కొన్ని. వాటిల్లో ఇంజను ఇంత పెద్దదీ, గొంతు ఇంత తియ్యనిదీ ఇంకోటి లేదు. బేకరీ ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ వెనక పొగ పీల్చడానికే వచ్చామయ్యా మేమంతా," అన్నాడు.

ఆమె సీటు అంచు పట్టుకుంది. అరచేతులు చెమటతో జారుతున్నాయి. అతను ఆమె వైపు చూశాడు. కళ్లల్లో ఆ వెలుగే. జెండా కిందికి దిగింది. అతను కాలు నొక్కాడు.

ముందు అతని వైపు తలుపు రాలింది. చప్పుడు లేదు. ఆకు రాలినట్టు మెల్లగా వెళ్లి గడ్డిలో వాలింది. తర్వాత ఆమె వైపు తలుపు. మూత పక్కకి ఒరిగింది. నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకి నింపాదిగా దొర్లుకుంటూ పోయి పడుకున్నాయి. ఇంజను ఒక నిట్టూర్పు విడిచి మట్టిలోకి దిగింది. ఒక్క బోల్టు తెగలేదు, ఒక్క రేకు వంగలేదు. అన్నీ పట్టు వదిలేశాయి, అంతే. మిగిలిన కార్లు రొద చేస్తూ పక్కనుంచి పైకి వెళ్లిపోయాయి. వీళ్లిద్దరూ నేల మీద సీట్లలో కూర్చుని ఉన్నారు. స్టీరింగు అతని చేతుల్లో ఉంది. దానికి కింద ఏమీ లేదు.

"మరీ పండిపోయింది పాపం," అన్నాడు జెండా ఊపినాయన, తలుపు ఎత్తి పక్కన పెడుతూ.

అతను కోప్పడతాడనుకుంది ఆమె, ఏడుస్తాడనుకుంది. రెండూ చెయ్యలేదు. కళ్లు మూసుకుని, స్టీరింగు మెల్లగా కుడికి తిప్పాడు. మళ్లీ ఎడమకి. ఇన్నాళ్లూ మనసులో ఎక్కిన కొండని ఇప్పుడూ ఎక్కుతున్నాడు.

"రాతి గోడ దాటాను," అన్నాడు గొణిగినట్టు. "ఇదిగో మర్రిచెట్లు... నీళ్ల ట్యాంకు..."

మిగతా కార్ల మోత ఇంకా కొండ కింది మలుపుల్లోనే వినబడుతోంది. ఊహలో అతను వాళ్లందరికంటే చాలా పైన ఉన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి అతని చేతుల్నే చూసింది. అతని మెడ నరాలు బిగిశాయి. కుడికాలు మట్టిని ఇంకా గట్టిగా నొక్కింది. స్టీరింగు సర్రున తిరిగింది.

"వంపు," అన్నాడు. కళ్లు తెరిచాడు. మొహమంతా నవ్వు. "బ్రేకు తొక్కలేదు పిల్లా. దాటేశాను."

ఆ తర్వాత చాలాసేపటికి మిగతా కార్లు ఆ వంపు దగ్గరికి చేరిన మోత కొండ మీంచి వినిపించింది. ఒక ఇంజను ఆగింది. వెంటనే ఇంకోటి. ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆగిపోయాయి. కొండంతా నిశ్శబ్దమైంది.

కాసేపటికి బేకరీ ఆయన రొప్పుతూ కాలినడకన దిగివచ్చాడు. "రోడ్డు లేదు!" అన్నాడు, ఎవరికో కాకుండా గాలికి చెప్పినట్టు. "వంపు తిరగ్గానే రోడ్డే లేదు. వానకి జారిపోయింది మొత్తం. ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతున్నాం కాబట్టి బ్రేకు పడింది. లేకపోతే..." ఆయన వీళ్ల వైపు చూశాడు. చుట్టూ పరుచుకుని ఉన్న పసుపు రేకుల వైపు చూశాడు. మిగతా మాట మింగేశాడు.

అతనికి దొరక్కుండా గడ్డి అలాగే లాగేస్తూ ఉండి ఉంటే, ఈపాటికి కారు దోరగా, గట్టిగా, ఒక్క బోల్టు కదలకుండా ఆ వంపు దాకా వెళ్లేదని ఆమెకి అప్పుడు తట్టింది. ఎండలోనే ఒళ్లు గడ్డకట్టుకుపోయింది.

అతను స్టీరింగు వైపే చూస్తున్నాడు. మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే నిలిచిపోయి ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు. వదిలెయ్యి అంది ఆమె. వదల్లేకపోయాడు. ఆమె అతని ఎదురుగా మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, స్టీరింగుకి బిగుసుకుపోయిన వేళ్లని చిటికెన వేలితో మొదలుపెట్టి, నొప్పి పుట్టకుండా, ఒక్కొక్కటే విడదీసింది.